దివి టమాటా, వెలితి పెట్టె

నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అడగలేదు, దిగిపోయాక ఎలాగూ అడగరు. ఈమధ్య బందరులో మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలకు శిక్షణ తరగతి పెట్టి, విశ్రాంత ఉద్యోగులను గౌరవించాలని నన్నూ పిలిచారు. శాలువా కప్పారు. వేదిక మీద చివరి కుర్చీలో, ఫ్యాను గాలి తగలని చోట కూర్చోబెట్టారు. మాట్లాడమని మాత్రం అనలేదు.

ఆ తరగతిలో ఒక యువ అధికారి జిల్లా పటం తగిలించి, దివిసీమ మీద కర్ర ఆనించి చెప్పాడు. "ఇక్కడ టమాటా పండుతుంది. కానీ నిల్వ ఉండదు. నేల గుణం." పిల్లలంతా బుద్ధిగా రాసుకున్నారు. నేను లేచి నిలబడ్డాను. "బాబూ, అది నేల గుణం కాదు, పెట్టె గుణం" అన్నాను. ఆయన నవ్వి, "తప్పకుండా సార్, టీ టైములో మాట్లాడుకుందాం" అన్నాడు. టీ టైములో ఆయన ఫోను మాట్లాడుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నా చేతిలో టీ కప్పు, భుజం మీద శాలువా మిగిలాయి.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "ఆ టమాటాల సంగతి ఇంకా వదల్లేదా మీరు?" అంది. వదల్లేదు. వదిలేది లేదు. ఆ పిల్లలు ఆ వాక్యం రాసుకున్నారు గనుక, నేను ఇది రాస్తున్నాను.

పెట్టె విప్పడమే ఉద్యోగం

నా ఉద్యోగం పేరు గ్రేడింగ్ సూపర్‌వైజరు. కాగితం మీద దానికి చాలా పనులు రాసి ఉండేవి. అసలు పని ఒక్కటే. తెల్లారేసరికి కూరగాయల మార్కెట్‌కు వెళ్ళి, వచ్చిన పెట్టెలు విప్పించి, కాయ ఎక్కడ పాడైందో చూడటం. ఎక్కడ పాడైందో చూస్తే ఎందుకు పాడైందో తెలిసిపోతుంది. ఇది నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

పై వరసలో కాయలు చదునుగా అణిగి ఉంటే తప్పు మూతది. అడుగు వరస చితికి, మధ్యలో కాయలు బాగుంటే పెట్టె మరీ లోతు. కాయ మీద సన్నటి చిల్లు ఉంటే పక్క కాయ ముచ్చిక గుచ్చుకుంది, కోసేటప్పుడు ముచ్చిక తీయలేదన్నమాట. కాయల మధ్యకు చెయ్యి పోనిస్తే వెచ్చగా తగిలిందంటే లోపల గాలి ఆడటం లేదు. కాయ కూడా ఊపిరి తీస్తుంది, ఊపిరి తీసే ప్రతిదీ వేడెక్కుతుంది. తడిసిన గడ్డి పరిచిన పెట్టెలో అడుగున తెల్లటి బూజు పడుతుంది. బాగా పండిన కాయను దోరకాయల మధ్య వేస్తే అది తను మెత్తబడటమే కాకుండా చుట్టుపక్కల కాయలన్నిటినీ తొందరపెట్టి పండిస్తుంది. ఇంతే శాస్త్రం. దీనికోసం పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. పెట్టె విప్పే ఓపిక ఉండాలి. మా శాఖలో ఆ ఓపిక ఉన్నవాళ్ళను నేను చూడలేదు. చేతికి రసం అంటుకుంటుందని కారు దిగని అధికారులను చూశాను.

నేను పుట్టి పెరిగింది చిలకలపూడిలో. మా వీధిలో ఏ ఇంట్లో చూసినా రోల్డ్‌గోల్డు పనే. గాజులూ గొలుసులూ ఊళ్ళకు పంపేటప్పుడు వాళ్ళు పెట్టెలో దూది పెట్టి సర్దడం చిన్నప్పటి నుంచీ చూశాను. సరుకు పెట్టెలో కదలకూడదు, సరుకు మీద బరువు పడకూడదు. కదిలితే రంగు పోతుంది, నొక్కితే వంకర పోతుంది. రాగి తీగకు ఇంత మర్యాద చేసే జిల్లాలో టమాటాకు ఎందుకు చేయరన్నది నా మొదటి ప్రశ్న. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది ఒక పైఅధికారిని అడిగాను. "టమాటా నగ కాదు కదయ్యా" అన్నాడాయన. పక్కనున్న గుమాస్తాలు నవ్వారు. వాళ్ళ పేర్లు నాకింకా గుర్తున్నాయి.

ఏసుపాదం పొలం

తొంభైల చివరి సంగతి. అవనిగడ్డ దాటాక ఏటి ఒడ్డున ఒండ్రు నేలలున్నాయి. వరి కోశాక ఆ నేలల్లో మినుము, పెసర వేసేవారు. అక్కడ టమాటా వేయించాలని మా శాఖ నిర్ణయించింది. నిర్ణయం మంచిదే. మదనపల్లి నుంచి లారీలు రాత్రంతా ప్రయాణం చేసి వచ్చే బదులు, పక్కనే పండితే బందరుకూ గుడివాడకూ తాజా కాయ దొరుకుతుంది. ఊరూరా తిరిగి రైతులకు చెప్పే పని నాకు అప్పగించారు.

నా మాట విని మొదట ముందుకొచ్చింది ఏసుపాదం, ఆయన భార్య సువార్తమ్మ. ఆయన మాటకు నెమ్మది. ఆవిడ దేనికీ వెనకాడని మనిషి. ఆదివారం చర్చిలో పాటకు ముందు గొంతు ఎత్తేది ఆవిడే, పొలంలో కూలీలను అదిలించేదీ ఆవిడే. సొంత నేల కొంచెమే. ఆ కొంచెంలో సగం టమాటా వేశారు. వీళ్ళను చూసి ఆ ఊళ్ళో ఇంకొన్ని కుటుంబాలు వేశాయి. వీళ్ళ పంట నిలబడితే ఊరంతా నిలబడుతుంది, దెబ్బతింటే ఊరంతా వెనక్కు పోతుంది. ఆ సంగతి సువార్తమ్మే నాతో అంది. "మిమ్మల్ని చూసి మేం ఏశాం సారు, మమ్మల్ని చూసి ఊరేసింది. మీరు చూస్కోవాలి మరి."

పంట బాగా వచ్చింది. కాయ గట్టిగా, ఎర్రగా, నున్నగా ఉంది. పొలంలో కోసిన కాయ ఒకటి ఇంటికి తెచ్చి మా వంటింటి గూట్లో పెడితే, మా ఆవిడ విసుక్కుని పారేసేదాకా చెడిపోలేదు. కానీ పెట్టెల్లో చల్లపల్లి మీదుగా మినీ లారీలో బందరు చేరేసరికి సగం కాయ పనికిరాకుండా పోయేది. పెట్టెల కింద రసం కారి మార్కెట్ గచ్చు ఎర్రగా అయ్యేది.

బందరు మార్కెట్లో ఆ సరుకు దించుకునే కమిషన్ వ్యాపారి కోటేశ్వరరావు. ఎవరినైనా బావగారూ అనే పిలుస్తాడు.

"ఏంటి బావగారూ, దివి నుంచి టమాటాలు పంపమంటే పచ్చడి పంపారు?" అన్నాడు మొదటిరోజే. చుట్టూ ఉన్న హమాలీలు ఘొల్లుమన్నారు.

"కాయ మంచిదే. పెట్టె చూడండి" అన్నాను.

"పెట్టె మేం తినం కదండీ."

కొసరు

ఏం జరుగుతోందో చూద్దామని మర్నాడు కోత సమయానికి పొలానికి వెళ్ళాను. అక్కడ నాకు అంతా తెలిసిపోయింది.

సువార్తమ్మ పెట్టెలో కాయలు పోస్తోంది. పెట్టె నిండింది. ఆగలేదు. ఇంకో దోసెడు పోసింది, ఇంకో దోసెడు. పెట్టె మీద టమాటాలు కుప్పగా లేచాయి. అప్పుడు ఏసుపాదం మూత చెక్కలు పెట్టి, వాటి మీద మోకాలు వేసి, ఒంటి బరువంతా మోపి మేకులు కొట్టాడు. లోపల కాయలు చిట్లుతున్న చప్పుడు నాకు వినిపించింది.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

"కొసరు సారు" అంది సువార్తమ్మ, ఇది కూడా తెలీదా అన్నట్టు.

కొసరు అంటే మనకందరికీ తెలుసు. కొలిచాక చేత్తో ఇంకొంచెం వెయ్యడం. అది లేకుండా మన దగ్గర బేరం పూర్తికాదు. పాల దగ్గర, కూర దగ్గర, మల్లెపూల దగ్గర కొసరు ఉంది. వేసేవాడికి మర్యాద, పుచ్చుకునేవాడికి తృప్తి. నేనూ అడిగి వేయించుకునేవాణ్ణే. అయితే పాల మీద ఎవరూ మూత పెట్టి మోకాలుతో తొక్కరు. టమాటా పెట్టెలో కొసరు పోస్తే, ఆ దోసెడు కాయలు తాము చితికి, తమ రసంతో కింది వరసలన్నిటినీ తడిపి కుళ్ళబెడతాయి. ఎదుటివాడికి ఇంకొంచెం ఇద్దామన్న మంచి బుద్ధే పెట్టెను చంపుతోంది.

నేను ఒక పెట్టె తీసుకుని నా పద్ధతిలో సర్దించాను. పొద్దున ఎండ ముదరకముందే, ఆకు మీద మంచు ఆరాక కోసిన దోరకాయ. ముచ్చికలు తీయించాను. పండినవి వేరు, దోరవి వేరు. పెట్టె అడుగున పొడి గడ్డి, దాని మీద పాత పేపరు. కాయకూ మూతకూ మధ్య బొటనవేలు దూరేంత చోటు వదిలి, ఆ చోట్లో పేపరు నలిపి పెట్టించాను. కదలదు, నొక్కుకోదు.

సువార్తమ్మ దాన్ని చూసి బుగ్గన వేలేసుకుంది. "ఎలితిగా ఉంది సారు."

"ఉండాలి."

"ఎలితి పెట్టె పంపితే మా మొహాన కొడతారు. పెట్టె నిండా పోయలేని బతుకా మాది అనుకోరూ?"

ఏసుపాదం సుత్తి చేతిలో పట్టుకుని నెమ్మదిగా అన్నాడు. "సారు చెప్పారుగా. ఓసారి పంపి చూద్దాం."

పంపాం. నేనే లారీలో కూర్చుని బందరు వెళ్ళాను. కోటేశ్వరరావు మూత తీశాడు. ఒక్క కాయ చితకలేదు. ఆయన కాయను చూడలేదు, నలిపి పెట్టిన పేపరు తీసేసి పైనున్న ఖాళీని చూశాడు. ఆ ఖాళీలో చెయ్యి పెట్టి అందరికీ చూపించాడు.

"బోణీ వేళ వెలితి పెట్టె తెచ్చారేంటి బావగారూ? శుభమా అని దుకాణం తెరిస్తే!"

"తూకం వెయ్యండి. కారిపోయే పెట్టెలో పనికొచ్చే కాయ ఎంతో, ఇందులో ఎంతో చూడండి."

"తూకం ఎవడు చూత్తాడండీ? పెట్టె లెక్కన బేరం. కంటికి నిండుగా కనపడాల." ఆయన వెనక్కు తిరిగి అరిచాడు. "ఒరేయ్, మన వెలితి బావగారికి టీ చెప్పండిరా. కప్పు నిండా పొయ్యమాకండి, ఆయనకు పడదు!"

ఆరోజు నుంచి బందరు మార్కెట్లో నా పేరు వెలితి బావగారు. నా అసలు పేరుతో పిలిచినవాడు లేడు. ఆ పేరు ఆఫీసుకూ పాకింది. మా ప్యూను కూడా చాటుగా అనేవాడు. అనుకోనీ. నేను చెప్పింది నిజం.

చేపల పెట్టెలో టమాటా

అప్పట్లో నా పైఅధికారి ప్రభాకరం గారు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కనీసం పని చేయకుండా ఊరుకునేవాడు. ఆయనకు ఆలోచనలు వచ్చేవి, అదే మా ఖర్మ.

దివి టమాటా కారిపోతోందని ఫిర్యాదులు వచ్చాక ఆయన ఒకరోజు హార్బరు వైపు వెళ్ళి, చేపల్ని థర్మోకోల్ పెట్టెల్లో ఐసు వేసి దూరప్రాంతాలకు పంపడం చూసొచ్చారు. వచ్చీ రాగానే నన్ను పిలిచారు.

"ఏమయ్యా, రొయ్య ఎంత సున్నితం? అది కలకత్తా దాకా చెడకుండా వెళ్తోంది. నీ టమాటా చల్లపల్లి దాటలేకపోతోంది. రహస్యం ఏమిటో తెలుసా?"

"ఏమిటండీ?"

"ఐసు!"

"అయ్యా, చేప చచ్చాక ఐసులో పెడతారండీ. టమాటా ఇంకా బతికి ఉంది."

"నువ్వు ప్రతిదానికీ అడ్డు చెప్పకు" అన్నారు.

చేపల పెట్టెలు తెప్పించారు. కడిగించామన్నారు. దోరకాయ సర్ది మీద ఐసు ముక్కలు పోసి మూత బిగించారు. తెరిచినప్పుడు కాయ కొట్టొచ్చినట్టు నిగనిగలాడింది. ప్రభాకరం గారు నా వంక గర్వంగా చూశారు. ఆ కాయలు గదిలో పెట్టాక అసలు సంగతి తెలిసింది. దోరకాయ ఎర్రబడలేదు. చర్మం మీద గుంటలు పడ్డాయి, ఆ గుంటల్లో నల్లమచ్చలు వచ్చాయి, తర్వాత మెత్తబడి నీరు కారాయి. మరీ చలి తగిలితే టమాటాకు పండే శక్తి పోతుంది. ఇంట్లో ఫ్రిజ్‌లో పచ్చికాయ పెట్టే ఇల్లాళ్ళందరికీ ఇది తెలియాలి. పైగా కాయంతా చేపల కంపు.

అవి మార్కెట్లో పెడితే, పక్కన చేపల గంప దించుకుంటున్న పోలమ్మ ముక్కు ఎగరేసి అంది.

"ఈటిని ఏం చెయ్యాలండీ అయ్యగారూ? పులుసా, ఇగురా?"

"టమాటాలమ్మా అవి."

"అవునా? నేను ఇంకా కొత్తరకం చేపలేమో అనుకున్నాలే. ఏదైతేనేం, చేప ఎయ్యకండానే చేపల పులుసైపోద్ది."

ప్రభాకరం గారు అక్కడే ఉన్నారు. నవ్వలేదు. నేను నవ్వాను. ఆ నవ్వుకు ఆయన నన్ను ఎప్పుడూ క్షమించలేదనుకుంటాను.

ఐసు తర్వాత ఆయనకు ప్లాస్టిక్ కవర్లు తట్టాయి. చిల్లులు లేని మందపాటి కవర్లలో కాయలు పోసి, మూతులు కాల్చి అతికించి ఒక ప్రదర్శనలో వరసగా పెట్టించారు. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. ప్రదర్శన పూర్తయ్యేలోపే కవరు లోపల చెమట పట్టింది, ఆ చెమట కాయల మీద కారింది, బూజు పుట్టింది. కవరు తప్పు కాదు. అదే కవరుకు నాలుగు వైపులా చిల్లులు పెట్టి ఉంటే కాయ వాడిపోకుండా, కుళ్ళిపోకుండా ఎక్కువ రోజులు ఉండేది. ఆ మాట ప్రదర్శనకు ముందే చెప్పాను. "చిల్లుల కవర్లు చూపిస్తే వచ్చిన పెద్దలు ఏమనుకుంటారు?" అన్నారు. వెలితి ఉన్న పెట్టె వద్దు, చిల్లు ఉన్న కవరు వద్దు. మనకు అన్నీ నిండుగా, మూసి ఉండాలి. లోపల కుళ్ళినా ఫరవాలేదు.

గుడివాడలో

బందరులో నా మాట చెల్లకపోయేసరికి గుడివాడకు వెళ్ళాను. అక్కడి వ్యాపారి సాంబయ్య నెమ్మదస్తుడని, సరుకు చూసి మాట్లాడతాడని విన్నాను. ఏసుపాదం పొలంలో ఒకే వరసల్లో, ఒకే పూట కోసిన కాయను రెండు భాగాలు చేయించాను. ఒక భాగం ఊరి పద్ధతిలో, కొసరు పోసి మోకాలుతో తొక్కి. రెండో భాగం నా పద్ధతిలో. తీసుకెళ్ళి సాంబయ్య కొట్టులో నీడన పెట్టించి, కొన్ని రోజులు ఆగి, అందరి ముందూ విప్పాలని ఏర్పాటు. ప్రభాకరం గారిని రమ్మని పదేపదే బతిమాలాను. వస్తానన్నారు.

ఆ రోజు పొద్దున ఆయన కోసం చూసి చూసి, బేరాల వేళ దాటిపోతోందని సాంబయ్య గొడవ చేస్తే విప్పాం. ఊరి పద్ధతి పెట్టెలు ఎలా ఉన్నాయో చెప్పక్కర్లేదు. ఈగలే చెప్పాయి. నా పెట్టెలు తెరిస్తే కాయ అప్పుడే కోసినట్టు, ఎర్రబారి, గట్టిగా ఉంది. సాంబయ్య ఒక కాయ తీసి వేలితో నొక్కి, వాసన చూసి, కొరికాడు.

"ఏ ఊరి సరుకండీ ఇది?"

"దివిసీమ."

"పొద్దున్నే జోకులెందుకులెండి. దివి సరుకు నాకు తెలీదా? అదుగో, ఈగల కింద ఉన్నది దివి. ఇది మదనపల్లి."

"రెండూ ఒకే పొలంలోవి. నేను దగ్గరుండి కోయించాను."

"పెట్టె మీద రాసుందిగా!"

రాసి ఉంది. కొత్త పెట్టెలు ఇమ్మని మా శాఖను అడిగితే ఇవ్వలేదు. గాలి ఆడేలా సందులుండి, మరీ లోతు లేకుండా ఉన్నవి ఎక్కడ దొరుకుతాయా అని వెతికి, మదనపల్లి నుంచి వచ్చి ఖాళీ అయిన పెట్టెలు ఏరి తెచ్చాను. వాటి చెక్కల మీద ఆ ఊరి పేరు రంగుతో అచ్చువేసి ఉంది. అది నా పొరపాటని తర్వాత అన్నవాళ్ళున్నారు. కొత్త పెట్టెలు ఇవ్వనివాళ్ళది పొరపాటు కాదట, పాతవి వెతికి తెచ్చినవాడిది పొరపాటట.

సాంబయ్య నా చెవిలో అన్నాడు. "మీది నిజమే అనుకోండి. అయినా దివి అనమాకండి. మదనపల్లి అంటే ఇప్పుడే పోద్ది. దివి అంటే ఇక్కడే కూచుని ఈగలు తోలుకోవాల." అని ఆయన గుమ్మంలో నిలబడి "మదనపల్లి, మదనపల్లి" అని కేకేశాడు. ఏసుపాదం కాయ మదనపల్లి పేరు మీద చకచకా అమ్ముడైపోయింది. ఏసుపాదం నా పక్కనే నిలబడి చూస్తున్నాడు. తన కాయను జనం పొగుడుతూ కొంటుంటే వినడానికి వచ్చిన మనిషి.

"మనదని చెప్పొచ్చుగా సారు" అన్నాడు.

"చెప్పాను. వినలేదు."

అప్పుడు దిగారు ప్రభాకరం గారు, జీపులోంచి. మిగిలిన నాలుగు మంచి కాయలు ఒకవైపు, కుళ్ళిన పెట్టెలు ఒకవైపు. సాంబయ్యను అడిగారు, ఇవేమిటి, అవేమిటి అని. సాంబయ్య వేలు చూపించి చెప్పాడు. ఇది మదనపల్లి, అది దివి.

"చూశావా?" అన్నారు ప్రభాకరం గారు నా భుజం తట్టి. "కళ్ళ ముందు కనపడుతోంది. నేల స్వామీ, నేల."

"అయ్యా, రెండూ ఈయన పొలంలోవే. ఈయన్నే అడగండి."

ఏసుపాదం చేతులు కట్టుకుని "అవునండీ, రెండూ మాయే" అన్నాడు.

"మీ పొలంలోవైతే పెట్టె మీద మదనపల్లి అని ఎందుకుంటుంది?" అన్నారు ప్రభాకరం గారు, పిల్లవాడికి చెప్పినట్టు. తర్వాత నాతో, "నీ మొండితనంలోకి రైతుల్ని లాగకు" అని జీపెక్కారు.

సాంబయ్య తల దించుకుని తక్కెడ తుడుచుకున్నాడు.

నేల మీద పడిన మాట

ఆ సీజను తర్వాత దివిసీమలో టమాటా ప్రోత్సాహం ఆగిపోయింది. కారణం అడిగితే నేల గుణం అన్నారు. ఉప్పుగాలి అని ఒకరు, ఏటి తేమ అని ఒకరు, ఎవరికి తోచింది వాళ్ళు చేర్చారు. ప్రభాకరం గారు బదిలీ అయ్యారు. ఆయన మాట బదిలీ కాలేదు. మీటింగుల్లో తిరిగి తిరిగి, ఎవరన్నారో ఎవరికీ గుర్తులేకుండా పోయి, ఇప్పుడు జిల్లా పటం మీద శాస్త్రమై కూర్చుంది.

కొన్నేళ్ళకు ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి. వాటికి మూత లేదు, కనుక మోకాలు లేదు. ఒకదాని మీద ఒకటి పెడితే పై ట్రే కింది ట్రే అంచు మీద ఆగుతుంది, కాయ మీద కాదు. పక్కల నిండా చిల్లులు. అంచు దాటి పోస్తే పై ట్రే కూర్చోదు గనుక అందరూ చచ్చినట్టు వెలితిగానే పోస్తారు. ఇప్పుడు దాన్ని ఆధునిక ప్యాకింగ్ అంటారు. అదే నేను చెప్పినందుకు వెలితి బావగారినయ్యాను. కోటేశ్వరరావు దుకాణంలో కూడా ఆ ట్రేలే. ఒకసారి వెళ్ళి, "ఏం బావగారూ, వెలితిగా ఉన్నాయే?" అన్నాను. "ట్రేలంతేగా అండీ" అన్నాడు. నేను ఎందుకు అడిగానో కూడా ఆయనకు తట్టలేదు.

దివిసీమకు ఆ ట్రేలు ఆలస్యంగా వచ్చాయి. అప్పటికే నేల మంచిది కాదన్న పేరు పడిన ఆ ఒడ్డు పొలాలను చేపల చెరువులకు లీజుకు ఇచ్చేశారు. ఏసుపాదం కూడా ఇచ్చాడు. నేలలో లోపముందని ప్రభుత్వమే అన్నాక దాన్ని తవ్వడానికి ఎవరికి మనసొప్పదు? ఒండ్రు మట్టిని గట్లుగా పోశారు. తన సొంత పొలం నీళ్ళ కింద ఉంటే, ఆ గట్టు మీద తాటాకు పాకలో ఏసుపాదం ఇప్పుడు కాపలా ఉంటున్నాడు.

నేను పదవీ విరమణ చేశాక ఒకసారి అవనిగడ్డ బస్టాండులో సువార్తమ్మ కనపడింది. జుట్టు నెరిసింది, గొంతు మాత్రం అదే.

"ఏం సారు, బాగున్నారా? మమ్మల్ని మర్చిపోయారు."

"మర్చిపోలేదమ్మా."

"ఒక మాట అడుగుతా, ఏమనుకోమాకండి. మా మావగారు ఆ నేల మీద మినుము పండించాడు, పెసర పండించాడు. ఆ నేలకి ఎవరూ వంక పెట్టలేదు. మా చేతికొచ్చాకే పాడైందా? మేం ఏమన్నా చేశామా దానికి?"

"నేల మంచిదేనమ్మా. పెట్టె..."

"మీరు మా మీద అభిమానంతో అంటారు" అంది. బస్సు వచ్చింది. ఎక్కి కిటికీలోంచి చెయ్యి ఊపింది. నా మాటను ఆవిడ కూడా నమ్మలేదు. ఇన్నేళ్ళలో నాకు జరిగిన అవమానాలన్నీ వరసగా చెప్పగలను. వాటిలో నన్ను నిద్ర పోనివ్వనిది ఇదొక్కటే.

కొత్తగా చేరినవాళ్ళకు

మీకు పై అధికారులు ఉంటారు. వాళ్ళకు ఆలోచనలు వస్తాయి. మీరు ఆపలేరు. కానీ కాయ చెడిందని ఎవరైనా చెబితే, కాయనో నేలనో రైతునో తిట్టే ముందు పెట్టె విప్పండి. చెయ్యి లోపలికి పెట్టండి. పై వరస చూడండి, అడుగు వరస చూడండి, వేడి చూడండి. నేలను నిందించడం అన్నిటికన్నా తేలిక, ఎందుకంటే నేల తిరిగి మాట్లాడదు. మీ మీద శాలువా కప్పే రోజు వచ్చేసరికి మీరన్న మాట ఎవరి పొలాన్ని తవ్వించిందో మీకు తెలిసి ఉండాలి.

కొసరు మానమని నేను ఎవరికీ చెప్పను. కొసరు చేతిలో పెట్టండి, విడిగా పేపరులో చుట్టి ఇవ్వండి, పెట్టెలో మాత్రం పోయకండి.

ఇక, పటం మీద కర్ర ఆనించిన ఆ యువ అధికారిగారికి. బాబూ, ఆ మాట మీకు ఎవరు చెప్పారు? వాళ్ళకు ఎవరు చెప్పారు? మీలో ఒక్కరైనా ఏసుపాదం పొలంలో కాయ కోసి చేత్తో పట్టుకున్నారా? ఒక్క పెట్టె విప్పారా? టీ టైములో మాట్లాడదామన్నారు. నా టీ ఎప్పుడో చల్లారిపోయింది, నేను మాత్రం ఇంకా ఎదురుచూస్తున్నాను. నాకు క్షమాపణ అక్కర్లేదు. ఆ పిల్లలందరినీ మళ్ళీ కూర్చోబెట్టి, రాసుకున్న ఆ వాక్యం కొట్టేయించండి. తర్వాత నాతో అవనిగడ్డకు రండి. నేను చెబితే సువార్తమ్మ అభిమానం అనుకుంటోంది. ప్రభుత్వం అన్న మాటను ప్రభుత్వమే వెనక్కు తీసుకోవాలి. ఆ చెరువు గట్టు మీద నిలబడి, ఆవిడకూ ఏసుపాదానికీ వినపడేలా, ఈ నేలలో ఏ లోపమూ లేదని ఎవరు చెబుతారు? పేరు చెప్పండి. ఏ రోజు వస్తారో చెప్పండి.